నల్ల చొక్కా: వాడే విధానం, తీసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాదులోనో బెంగళూరులోనో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, ఇంటి నుంచే పని అని మా ఊరు అత్తిలి వచ్చేసిన కుర్రాళ్ళ సూట్‌కేసు తెరిస్తే ముప్పాతిక వంతు నలుపే. నల్ల చొక్కాలు, నల్ల టీషర్టులు, కంపెనీవాళ్ళిచ్చిన నల్ల జాకెట్టు. అదేంట్రా అంటే, "నలుపు అన్నిటి మీదకీ నప్పుద్ది, పొద్దున్నే ఏం వేసుకోవాలా అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు" అంటారు. మాట నిజమే. స్టీవ్ జాబ్స్ జపాను డిజైనరు ఇస్సే మియాకే చేత ఒకే రకం నల్ల టర్టిల్‌నెక్కులు గుట్టగా చేయించుకుని ఏళ్ళ తరబడి అవే తొడుక్కున్నాడు. 1926లో కోకో షనెల్ నల్ల గౌను బొమ్మ వేసిన అమెరికా 'వోగ్' పత్రిక, ఇది బట్టల్లో ఫోర్డు కారు అని మెచ్చుకుంది. అయితే జాబ్సూ షనెలూ కార్తీకమాసంలో అత్తిలి సెంటర్లో టీ తాగలేదు. తాగే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఈ కింది సూచనలు జాగ్రత్తగా చదువుకోవాలి.

ఎవరు వాడవచ్చు

ఏలినాటి శని నడుస్తున్నవాళ్ళు వాడకూడదు. నడవడం లేదని జాతకం చూపించి రుజువు చేసుకోలేనివాళ్ళు కూడా వాడకూడదు. మిగతావాళ్ళు వాడవచ్చు గానీ, మోతాదు ముఖ్యం. పసిపిల్ల బుగ్గన నల్ల చుక్క ఉండాలి. కాలికి నల్ల తాడు ఉండాలి. పెళ్ళయిన ఆడపిల్ల మెడలో నల్లపూసలు ఉండి తీరాలి. పెడన కలంకారీ చీరలో పువ్వు చుట్టూ నల్ల గీత లేకపోతే పువ్వుకు ఆకారమే రాదు. ఆ చీర కట్టుకుని సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. చుక్కంత ఉంటే దిష్టి పోతుంది, చొక్కా అంత ఉంటే శని పడుతుంది. ఈ రెండింటికీ మధ్య హద్దు ఎన్ని అంగుళాల దగ్గరుందో మా వీధిలో ఏ పెద్దమనిషీ ముందుగా చెప్పరు. మీరు దాటగానే చెప్తారు.

ఒక హెచ్చరిక. శని త్రయోదశి నాడు మందపల్లి వెళ్ళి, నువ్వుల నూనెతో అభిషేకం చేయించి, నల్ల గుడ్డలో నల్ల నువ్వులు మూటగట్టి దానమిచ్చి అప్పుడే బస్సు దిగిన పెద్దాయన ఎదురుగా నల్ల చొక్కాతో నిలబడకండి. ఆయన అంత దూరం వెళ్ళి వదిలించుకొచ్చినదాన్ని మీరు మళ్ళీ గుమ్మంలోకి తెచ్చారనుకుంటాడు.

కొనేటప్పుడు అమ్మను వెంట తీసుకెళ్ళకండి. తీసుకెళ్ళక తప్పకపోతే గుమాస్తాను నమ్ముకోండి. తణుకు, తాడేపల్లిగూడెం, భీమవరం బట్టల కొట్లలో గుమాస్తాలకు నలుపు అనేది ఉండదు. "నలుపు కాదమ్మా, నేవీ బ్లూ. కావాలంటే ఎండలో పెట్టి చూడండి" అంటాడు. అమ్మ ఎండలో పెట్టి చూస్తుంది. నల్లగానే ఉంటుంది. "ఏమో, నీలం జాడ ఉన్నట్టే ఉందిలే" అని బిల్లు కట్టేస్తుంది. ఇంటికొచ్చాక మాత్రం చొక్కా మూలన పసుపు బొట్టు కాస్త పెద్దదే పెడుతుంది.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా

కార్తీకం మొదలైన రోజు నుంచి శబరిమలలో మకరజ్యోతి కనబడే దాకా మీ నల్ల చొక్కా మీది కాదు, అయ్యప్పది. మీరు డబ్బిచ్చి కొన్నారన్న వాదన చెల్లదు. నలభై ఒక్క రోజుల మండల దీక్షలో ఉన్నవాళ్ళు వీధికి నలుగురు చొప్పున తిరుగుతుంటారు, వాళ్ళ మధ్య మీరొకరు. టీ కొట్టులో "స్వామీ, పంచదార వెయ్యమంటారా?" బస్సులో "రండి స్వామీ, కూర్చోండి." మొదటి రెండు రోజులు బాగానే ఉంటుంది. మూడో రోజు "ఏ పీఠం స్వామీ? ఎన్నో మాల?" అని అడుగుతారు. మీరు తడబడితే "ఓహో, కన్నెస్వామా" అని వాళ్ళే జాలిపడతారు.

అసలు పరీక్ష సాయంత్రం చికెన్ పకోడీ బండి దగ్గర. మీరు వెళ్ళి నిలబడగానే మాటలు ఆగుతాయి. బండివాడు చేతిలో జల్లిగరిటె పైకెత్తి అలాగే ఉండిపోతాడు. నూనె మాత్రం చిటపటలాడుతూనే ఉంటుంది. "పావుకిలో ఇవ్వవయ్యా" అంటారు మీరు. అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఇంట్లోవాళ్ళకేనాండి స్వామీ?" అంటాడు. ఈ ప్రశ్నకు అవునని చెప్పడమే క్షేమం. కాదంటే మీ నాన్నగారి పేరు అడుగుతాడు.

దీనికి విరుగుడుగా కొందరు పై గుండీలు రెండు విప్పి మెడలో మాల లేదని చూపిస్తారు. అలా చూపిస్తే రౌడీ అంటారు. చెప్పులు కనబడేలా కాలు ముందుకు పెట్టి నిలబడటం మేలు. దీక్షలో ఉన్నవాళ్ళు చెప్పులు వేసుకోరు కాబట్టి పదిమందిలో ఆరుగురికి విషయం అర్థమవుతుంది. మిగిలిన నలుగురూ "స్వామీ, తప్పు కదూ, చెప్పులా?" అంటారు.

అన్నిటికన్నా తేలిక ఏమిటంటే, మాల వేసేసుకోవడం. తెల్లవారుజామున చన్నీళ్ళు, నేల మీద పడక, రెండు పూటలా పూజ, వట్టి కాళ్ళ నడక. ఆ నలభై ఒక్క రోజుల్లో చొక్కా గురించి మాత్రం ఒక్కరూ పల్లెత్తు మాట అనరు. శబరిమల దాకా వెళ్ళలేనివాళ్ళకు ద్వారపూడి ఉండనే ఉంది. నిజం చెప్పాలంటే నలుపుకు ఈ సీమలో ఇంత గౌరవం తెచ్చిపెట్టినవాడు అయ్యప్ప ఒక్కడే. పారిస్ వల్ల కాలేదు. అయితే ఆ గౌరవం చొక్కాది కాదు, మాలది. ఇరుముడి దించి మాల తీసిన మర్నాడు అదే మనిషి అదే చొక్కాతో అదే కొట్టుకు వెళ్తే, "ఏం, బట్టలు ఉతుక్కోలేదా?" అంటారు.

ఈ మధ్యలోనే మార్గశిర శుద్ధ షష్ఠి వస్తుంది. అత్తిలి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొస్తాయి. జీళ్ళ కొట్టు ముందు జనంలో మీరు ఇరుక్కున్నప్పుడు మీకంటే ముప్పై ఏళ్ళు పెద్దావిడ వంగి మీ పాదాలకు దండం పెట్టి, చంకలోని మనవణ్ణి ముందుకు చాపుతుంది. అప్పుడు "అమ్మా, నేను స్వామిని కాదు, ఇది డిస్కౌంటులో కొన్న చొక్కా" అనగలిగినవాడు ఎవడైనా ఉంటే అతనికి ఈ సూచనలు అవసరం లేదు. మిగతావాళ్ళు పిల్లాడి నెత్తిన చెయ్యిపెట్టి "స్వామియే శరణం" అనేసి ముందుకు నడవాలి.

పెళ్ళిళ్ళు

ముహూర్తానికి నలుపు నిషిద్ధం. ఇది అందరికీ తెలుసు. తెలియంది ఏమిటంటే, రిసెప్షన్‌లో పెళ్ళికొడుకే నల్ల సూటు వేసుకుంటాడు. రాత్రి తొమ్మిదింటికి స్టేజి మీద అతను నల్లగా ఉంటే చూడముచ్చట. తెల్లవారుజామున నాలుగింటికి అదే మండపంలో మీరు నల్లగా ఉంటే అపశకునం. ఈ ఏడు గంటల్లో నలుపుకు ఏమవుతుందో పురోహితుణ్ణి అడిగినా చెప్పడు, ఆయనకు ముహూర్తం దాటిపోతూ ఉంటుంది.

సరే, రిసెప్షన్‌కే వెళ్దామనుకుంటారు. అక్కడ ఇంకో చిక్కుంది. కెమెరావాళ్ళు నల్ల టీషర్టు. లైట్లు పట్టుకునే కుర్రాళ్ళు నల్ల టీషర్టు. డ్రోను ఎగరేసేవాడు నల్ల టీషర్టు. కాస్త ఉన్నవాళ్ళ పెళ్ళయితే గుమ్మం దగ్గర కండలు తిరిగిన బౌన్సర్లు, వాళ్ళదీ నలుపే. మీరు ఐస్‌క్రీం కప్పుతో నిలబడి ఉంటారు. వెనక నుంచి భుజం మీద చెయ్యి పడుతుంది.

"అబ్బాయ్, మా వియ్యంకుడిగారితో ఒకటి తియ్యి."

"నేను ఫొటోగ్రాఫర్ని కాదండి. పెళ్ళికూతురు పిన్నిగారి అబ్బాయిని."

"ఆయ్, మన సీతామాలక్ష్మి కొడుకువా! ఎంతవాడివయ్యావురా. సర్లే, ముందు ఫొటో తియ్యి."

తీసెయ్యండి. సెల్‌ఫోన్‌తో తీసినా ఏమీ అనుకోరు.

సభలు, సమావేశాలు

నలుపుకు పార్టీ లేదు. 2019 ఫిబ్రవరిలో ప్రత్యేక హోదా కోసం ఢిల్లీలో దీక్షకు కూర్చున్నప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నల్ల చొక్కా వేసుకున్నారు. 2022 నవంబరులో మన నరసాపురంలోనే ముఖ్యమంత్రి జగన్ సభకొచ్చిన ఆడవాళ్ళ నల్ల చున్నీలను పోలీసులు బయటే తీయించారని పత్రికలు రాశాయి. తమిళనాడులో పెరియార్ అనుచరులకు నల్ల చొక్కా ఒక సిద్ధాంతం. ఇక్కడ మీకు ఏ సిద్ధాంతమూ లేకపోవచ్చు, ఉన్న నాలుగు చొక్కాల్లో ఇదొక్కటే ఇస్త్రీలో ఉండొచ్చు. ఆ సంగతి కానిస్టేబుల్‌కు చెప్పి చూడండి. మంత్రిగారు వచ్చే రోజున బండి డిక్కీలో ఒక తెల్ల చొక్కా పెట్టుకోవడం మంచిది.

దుష్ఫలితాలు

ఎండ. ఎడారిలో బెడూయిన్లు నల్ల అంగీలు ఎందుకు వేసుకుంటారని 1980లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నల్ల అంగీ వేడిని ఎక్కువే పీల్చినా, లోపల గాలి ఆడి ఆ వేడి ఒంటికి చేరకముందే పోతుందని, తెల్ల అంగీకీ దానికీ ఒంటికి తగిలే వేడిలో తేడా లేదని తేల్చారు. దీన్ని పట్టుకుని రోహిణి కార్తెలో బయల్దేరకండి. వాళ్ళది వదులు అంగీ, పొడిగాలి. మీది స్లిమ్ ఫిట్టు, కొల్లేటి మీదుగా వచ్చే తడిగాలి. పది నిమిషాల్లో తడిసి, ఆరాక వీపు మీద తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. చేపల చెరువు గట్టున అయితే మిమ్మల్ని చూసి నీళ్ళలో ఉప్పు శాతం అంచనా కడతారు.

దోమ. డెంగీ తెచ్చే ఏడిస్ ఈజిప్టి దోమలు మనిషి ఊపిరి వాసన తగిలాక ఎరుపు, నారింజ, నలుపు లాంటి రంగుల వైపు ఎగురుతాయనీ, తెలుపునూ ఆకుపచ్చనూ పట్టించుకోవనీ 2022లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. అమెరికాలో ప్రయోగశాల కట్టి తెలుసుకున్నారు పాపం. సాయంత్రం ఆరింటికి మన కాలువ గట్టున కూర్చుంటే ఖర్చు తగ్గేది.

ఇక ఉతుకు. నూలు బట్టకు మిల్లుల్లో పట్టించే నలుపు ఎక్కువగా గంధకపు రంగే. ఉతికేకొద్దీ వెలిసి, ఏడాదికి బూడిద రంగులోకి దిగుతుంది. అప్పుడు అమ్మ "ఇప్పుడు బావుందిరా, వేసుకో" అంటుంది. రైసుమిల్లు ఊక బూడిద డాబా మీద ఆరేసిన తెల్లబట్టలన్నిటి మీదా చుక్కలు పెట్టినా మీ నల్ల చొక్కా మీద కనబడదు. నలుపు వల్ల నాకు తెలిసిన నిఖార్సైన లాభం ఇదొక్కటే. కోతల రోజుల్లో ధాన్యపు నుసి మాత్రం ఇంకా బాగా కనబడుతుంది.

ప్రత్యామ్నాయం

అన్నిటి మీదకీ నప్పే రంగు ఇక్కడ ఎప్పుడూ తెలుపే. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నాలుగు చుక్కలు ఉజాలా, గంజి, పెళపెళలాడే ఇస్త్రీ. అయితే ఇది కూడా ఊరికే ఉండే రంగు కాదు. మట్టి అంటని తెల్ల చొక్కా అంటే చేలోకి దిగనక్కర్లేని మనిషని అర్థం. పాతికేళ్ళ కుర్రాడు తెల్లబట్టలు వేసుకుని సెంటర్లో నిలబడితే, "ఏ వార్డుకు నిలబడుతున్నావేంటి బాబూ?" అంటారు, పక్కనున్నవాడు అప్పు అడుగుతాడు.

మరి నలుపు మానెయ్యాలా? అక్కర్లేదు. నల్ల ప్యాంటు మీద ఈ ఊళ్ళో ఎవరికీ ఫిర్యాదు లేదు, పెళ్ళిలోనైనా గుళ్ళోనైనా. నల్ల బూట్లకు, నల్ల గొడుగుకు అసలే లేదు. తణుకు కోర్టు మెట్ల మీద నల్ల కోటు కనబడితే దండం పెడతారు. లాయరు అల్లుడైతే ఆ కోటు చూసే కట్నం పెంచుతారు. "నలుపేంట్రా దరిద్రం" అన్న పెదనాన్నే నెలకు రెండుసార్లు మంగలి షాపులో కూర్చుని మీసంతో సహా నల్ల రంగు వేయించుకుంటాడు. కాబట్టి నడుం కింద, మెడ పైన నలుపు ఎంతైనా వాడుకోండి. గొడవంతా మెడకూ నడుముకూ మధ్యనే.

చివరిగా, ఫొటో, వీడియో, లైటింగు యజమానులకు ఒక మనవి. దయచేసి మీ కుర్రాళ్ళకు ఆకుపచ్చ టీషర్టులు కుట్టించండి. దోమలూ కుట్టవు, పెళ్ళికూతురు పిన్నిగారి అబ్బాయి కూడా ఐస్‌క్రీం తింటాడు.