చెరువు మీద అలక

1976 అక్టోబర్ 26న జాతివివక్ష దక్షిణాఫ్రికా తన నల్లజాతి ‘స్వస్థలం’ ట్రాన్స్‌కైకి ‘స్వాతంత్ర్యం’ దయచేసింది. జెండా, గీతం, ప్రధాని మటాంజిమా... అన్నీ అమిరాయి. గుర్తించే నాథుడే కరువు! ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అదే రోజు 134–0 ఓట్లతో చెల్లదు పొమ్మంది. అమెరికా మాత్రం ఎటూ ఓటేయక గోడ మీద కూర్చుంది.

గుర్తించిందల్లా ప్రిటోరియాలోని దక్షిణాఫ్రికా ప్రభుత్వమే. మరుసటి ఏడాది అదే అచ్చులో పోసిన బోఫుతత్స్వానా వంత పాడింది.

1978లో తూర్పు గ్రిక్వాలాండ్‌ను తమకివ్వకుండా దక్షిణాఫ్రికా రాష్ట్రమైన నాటాల్‌లో కలిపేశారని మటాంజిమాకు ఒళ్లు మండింది. చెరువు మీద అలిగినట్టు, ఉన్న ఆ ఒక్క పెద్దదిక్కుతోనూ దౌత్య సంబంధాలు తెంచేసుకున్నారు. ప్రిటోరియా నుంచి ఖజానాకొచ్చే సొమ్ము మీద మాత్రం అలగలేదు. 1980లో రాయబారాలు మళ్లీ మొదలు.