తేడా డీజిలు

అండమాన్‌లో డీజిలు చౌక. వ్యాట్ 1 శాతమే కావడంతో ఆంధ్రాతో పోలిస్తే లీటరుకు దాదాపు 20 రూపాయలు తక్కువ. అంత చౌక డీజిలు కూడా డాలీగంజ్ షావుకారుకి నిద్ర పట్టనివ్వలేదు.

సిక్కోలు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఆయనది. ఓ కాంట్రాక్టరుకి కిరాయి మీద సిమెంటు, ఇనుము తోలడానికి పికప్ కొన్నాడు. తడ దగ్గర శ్రీసిటీలో తయారైన బండి. "మన ఆంధ్రా సరుకు" అని జంక్షన్‌లో పదిమందికీ చెప్పుకున్నాడు. రెండు రుతుపవనాల వానలూ దంచే చోట బండి ఎత్తుగా ఉండాలన్నారెవరో. అంతే, సస్పెన్షన్ లేపించాడు. 30 అంగుళాల టైర్లు పీకించి 33 అంగుళాలవి వేయించాడు. అప్పట్నుంచి డ్రైవరు బండి ఎక్కాలంటే తలుపు పట్టుకుని వేలాడాల్సిందే.

లీటరుకు 12 ఇచ్చే బండి 8కి దిగింది.

"టైర్ల వల్లే బాబూ," అన్నాడు డ్రైవరు.

"టైరు డీజిలు తాగుద్దేట్రా? తాగుతున్నదెవడో నాకు తెలీదా?"

ఆ నెల నుంచి జీతంతో పాటు ఓ చీటీ కూడా చేతికొచ్చేది. పద్దు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద షావుకారు గుండ్రటి దస్తూరీ: "33 అంగుళాల టైర్లు వేసినా బండి 12 ఇవ్వాలి. 8 ఇచ్చింది. తేడా డీజిలు డ్రైవరు ఖాతా." కింద తేదీ, సంతకం. లెక్కల్లో ఆయన అంత పక్కా. డ్రైవరు మారు మాట్లాడకుండా చీటీ మడిచి లైసెన్సు కవర్లో పెట్టుకునేవాడు.

బ్రేకు పని మీద గారచర్మ వెళ్లినప్పుడు షావుకారు మెకానిక్ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు. అతను టైరు వంక ఓసారి చూసి నవ్వాడు.

"మీటరు రోడ్డుని కొలవదు షావుకారు గారూ, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. పెద్ద చక్రం ఒక్కో చుట్టుకీ ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి మీటరుకి తెలీదు కదా! అది 100 కిలోమీటర్లంటే మీ బండి 110 తిరిగినట్టు. మీరు 8 అనుకుంటున్న మైలేజీ నిజానికి 8.8. మిగతాది బండి తిన్నదే. టైర్ల బరువు, ఎత్తుకి తగిలే గాలి చాలవన్నట్టు, చక్రం పెద్దదయ్యేసరికి ఇంజనుకి లాగే బలం తగ్గుతుంది. ఈ గుట్టల దారిలో నాలుగో గేరులో పోవాల్సిన చోట మూడులోనే ఈడవాలి."

షావుకారు నమ్మలేదు. మెకానిక్ చిడియాతాపు రోడ్డు మీదికి బండి తీయించి ఫోను చేతికిచ్చాడు. ఫోను 11 కిలోమీటర్లన్న చోట మీటరు 10 దగ్గరే ఉంది.

షావుకారు సీట్లో ఎగిరిపడ్డాడు. "అంటే ఇన్నాళ్లూ నూటికి పది కిలోమీటర్లు ఉత్తినే తోలానా!" కాంట్రాక్టరు కిరాయి కట్టేది మీటరు చూసే మరి. మెకానిక్‌ని షెడ్డు దగ్గర దింపి, బండి అట్నుంచటే కాంట్రాక్టరు ఇంటికి పోనిమ్మన్నాడు.

కాంట్రాక్టరు అంతా నింపాదిగా విన్నాడు. "న్యాయమే. బకాయి ఇచ్చేస్తా. 33 అంగుళాల టైర్లు వేశాను, అందుకే మీటరు తక్కువ చూపించిందని సంతకం పెట్టి రాసివ్వండి."

షావుకారు పెన్ను తీశాడు.

"ఆ కాగితం ఆర్టీవో ఆఫీసులో కూడా ఓసారి చూపించుకుంటా."

పెన్ను మళ్లీ జేబులోకి పోయింది. కంపెనీ కొలతలు కాదని బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే తేల్చింది. షావుకారుకి ఇది తెలియంది కాదు.

తిరుగుదారిలో డ్రైవరు మెల్లగా కదిపాడు. "బాబూ, మరి నా జీతంలో కోసింది?"

కాంట్రాక్టరు దగ్గర అప్పుడే నేర్చిన విద్య షావుకారుకి అక్కరకొచ్చింది. "టైర్లు మార్చానని ఎవడన్నాడ్రా? కాగితం ఉందేటి?"

డ్రైవరు బండి పక్కకి తీసి ఆపాడు. లైసెన్సు కవరు తెరిచాడు.

"ఉన్నాయి బాబూ, నెలకొకటి. మీ సంతకంతోనే. ఇంతకీ బండి ఇంటికి పోనిమ్మంటారా, ఆర్టీవో ఆఫీసుకా?"