జట్‌పురా గేటు విషయమై మహారాజుకు అర్జీ

శ్రీశ్రీశ్రీ ఖాండక్యా బల్లాళ్ షా మహారాజుగారి సముఖానికి,

చంద్రాపూర్ కోట గోడల లోపల కాపురముంటున్న ఒక తెలుగువాడి విన్నపం.

మహాప్రభూ, బతికున్న అధికారులుండగా అయిదు వందల ఏళ్ల కిందటి తమకెందుకు ఈ అర్జీ అంటారా? జట్‌పురా గేటు దగ్గర బళ్లు ఆగిపోయిన ప్రతిసారీ తప్పు తమదేనని తేలుతోంది. దారి అంత ఇరుకుగా పెట్టించింది తమరట. పురావస్తు శాఖవారు ఒక్క రాయీ కదలనివ్వరు (అది న్యాయమే). కార్పొరేషన్‌వారు పురాతన కట్టడాల చట్టం చూపించి చేతులు కట్టుకుంటారు. పోలీసులు ఈల వేస్తారు. ఇక మిగిలింది తమరే.

తమ కథ ఇక్కడ అందరికీ తెలుసు. ఒంటినిండా కురుపులతో బాధపడుతుంటే ఝర్పట్ నది నీళ్లతో నయమైందనీ, నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలొకటి తమ వేటకుక్కనే తరిమిందనీ, అది పరిగెత్తిన జాడనే గోడ లేపించారనీ చెప్పుకుంటారు. తమరు మొదలుపెట్టినది తర్వాతి రాజులు ముగించారు: నాలుగు దర్వాజాలు (ఈ గేటు వాటిలో ఒకటి), అయిదు ఖిడికీలనే చిన్న ద్వారాలు. శత్రువు గుంపుగా చొరబడకూడదనేగా ఆ ఏర్పాటు? గేటు ఆ పని ఇప్పటికీ మానలేదు. సాయంత్రం ఆరింటికి ఎంత సైన్యం వచ్చినా గాంధీ చౌక్ దాకా చేరలేదు.

గేటు దగ్గర మేమొక సుంకం కడుతున్నాం ప్రభూ, రసీదు లేనిది. ఇంజను ఆపకుండా నిలబెడితే కారు గంటకు దాదాపు అర లీటరు పెట్రోలు తాగుతుంది. కారువాడు ఎలాగోలా భరిస్తాడు. షేర్ ఆటో నడిపేవాడికి పోయేది పెట్రోలొక్కటే కాదు, ఆ పూట వేయాల్సిన ట్రిప్పు కూడా. నాలుగు మహానగరాల్లో ట్రాఫిక్ జాముల వల్ల ఏటా దాదాపు లక్షన్నర కోట్ల రూపాయలు ఆవిరవుతున్నాయని 2018లో ఒక సంస్థ లెక్కగట్టింది. మన ఊరి ఆటోవాడి ట్రిప్పు అందులో లేదు. ఏ లెక్కలోనూ లేనిదాన్ని ఏ బడ్జెట్టూ పట్టించుకోదు.

ఇక ఊపిరి సంగతి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్యం మార్కులు వేస్తే మనకు 83.88 వచ్చాయి. దేశంలో నాలుగో ర్యాంకు! అప్పట్నుంచి ఎవరు దగ్గినా 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం వైపో, బొగ్గు లారీల వైపో వేలు చూపిస్తాం. తప్పేమీ కాదు. కానీ ఆ పొగగొట్టం ఆకాశంలో ఉంది. ముందున్న ఆటో గొట్టం, స్కూటర్ మీద ముందు నిలబడిన పిల్లవాడి ముక్కుకు మూరెడు దూరంలో ఉంది. ఆ పొగలోని సన్నటి నుసి ఊపిరితిత్తుల్లో ఆగదు, నెత్తుట్లోకీ దిగుతుంది. నలభై అయిదు డిగ్రీల మే నెలలో అక్కడే డ్యూటీ చేసే కానిస్టేబుల్ గురించి వేరే చెప్పాలా? చైత్రంలో మహాకాళీ జాతరకు మా తెలంగాణవాళ్లు దిగితే ఆ సందడి ఇంకో ఎత్తు. వెనక అంబులెన్స్ కూస్తుంది. జరగాలనే అందరికీ ఉంటుంది, జరగడానికి జాగా ఏదీ?

జాగా ఎటు పోయిందో మాకు తెలియక కాదు. దుకాణం ముందుకొచ్చింది, దాని ముందు తోపుడు బండి, దాని ముందు స్కూటర్ల వరస, ఆ పక్కన “రెండే నిమిషాలు” అని ఆపిన కారు. వీటిలో ఏదీ తమరు కట్టించింది కాదు. ఏదీ రక్షిత కట్టడం కూడా కాదు. అయినా అధికారులు గేటు మీద చేయి వేయడానికి భయపడినంతగానే వీటి మీద చేయి వేయడానికీ భయపడుతున్నారు. గేటుకు ఓటు లేదు కాబట్టి నింద మాత్రం దాని మీద వేస్తారు.

కాబట్టి ఒక్క ఫర్మానా ఇప్పించండి. జట్‌పురా గేటు గురించి మాట్లాడదలచిన అధికారి ఎవరైనా ముందు సాయంత్రం ఆరింటికి, పైలట్ వాహనం లేకుండా, స్కూటర్ మీద గాంధీ చౌక్ నుంచి గేటు దాటి రావాలి. ఏసీ కారు చెల్లదు. దారిలో పెట్రోలు అయిపోతే తోసుకుంటూ రావాలి.

ఇట్లు,
తమ గేటు లోపలే ఇరుక్కున్న
విధేయుడు