చౌక విమానం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

చౌక ధరను చూపి చక్కగా రమ్మని
సీటుకింత యనుచు మూటకింత
కడకు నొక్కుచోట కనరాని రుసుమురా
ఇంటి గడప నుండి యెంచి కొనుము

అవతారిక

భద్రాచలంలో రాముడున్నాడు, గోదావరి ఉంది. రైలు లేదు, విమానం లేదు. భద్రాచలం రోడ్ అనే రైల్వేస్టేషన్ 40 కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. కొత్తగూడేనికి విమానాశ్రయం వస్తుందన్న మాట ఏళ్లుగా వినిపిస్తున్నా రన్‌వే మాత్రం కనిపించలేదు. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు తెచ్చే ఉడాన్ పథకం కింద సర్వీసులు మొదలైన రోజే కడపకు హైదరాబాద్ విమానం దక్కింది. అడవి అంచున ఉన్న మనకు తలెత్తి చూసే భాగ్యమే దక్కింది. అయినా సారపాక పేపర్ మిల్లు ఉద్యోగికి ఢిల్లీలో పని పడుతుంది. మణుగూరు సింగరేణి కార్మికుడు కుటుంబంతో కాశీకి బయల్దేరతాడు. ఖమ్మం దంపతులకు అమెరికాలో మనవడు పుడతాడు. అందరూ ఫోన్ తీసి చౌక టికెట్ వెతుకుతారు. అట్టి యాత్రార్థుల కోసం చెప్పిన పద్యమిది. పద్యం నాదే, టీకా నాదే. మూలం రాసినవాడే వ్యాఖ్యానమూ రాస్తే ఏమవుతుందో టికెట్ సైట్లు చూసినవారికి చెప్పనక్కర్లేదు.

టీక

చౌక ధరను = మొదటి తెర మీద లావుపాటి అక్షరాల్లో మెరిసే అంకెను; చూపి = ఎదుట పెట్టి; చక్కగా = ‘ఇంక రెండే సీట్లు’ అను ఎర్రక్షరాల తొందరతో; రమ్మని = లోపలి తెరకు పిలిచి; సీటుకింత యనుచు = కిటికీ పక్కకు ఒక రేటు, కాళ్లు చాపుకునే వరుసకు ఒక రేటు అనుచు; మూటకింత = అనుమతించిన బరువు (దేశంలో తిరిగే విమానాల్లో సాధారణంగా 15 కిలోలు) దాటిన ప్రతి కిలోకూ ఇంత అనుచు; కడకు = పేరు, వయసు, ఫోన్ నంబరు, ఓపిక అన్నీ సమర్పించుకున్న పిమ్మట; నొక్కుచోట = డబ్బు కట్టు మీట యొద్ద; కనరాని = అంతదాకా కంటబడని; రుసుమురా = కన్వీనియన్స్ ఫీజు కలదురా; (కావున) ఇంటి గడప నుండి = రన్‌వే నుండి గాక నీ వాకిలి నుండి; ఎంచి = లెక్క కట్టి; కొనుము = బుక్ చేయుము.

తాత్పర్యం

ఓయీ ప్రయాణికుడా! మొదట కనిపించేది ధర కాదు, పిలుపు. చివరి తెర మీద తేలిన అంకెకు నీ ఊరి నుంచి విమానాశ్రయం దాకా అయ్యే ఖర్చు కలిపితే వచ్చేదే ధర. అది చూసి కొనుమని భావం.

విశేషాలు

1. ఇది ఆటవెలది. రెండో పాదంలో సీటు, మూటలకు ప్రాసయతి చెల్లింది. బిల్లులోనూ అవి రెండూ అలాగే జంటగా వస్తాయి.

2. మెదక్ సీమ కొల్చారం వాడని ప్రసిద్ధికెక్కిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యానాలు రాశాడు. టికెట్ యాప్‌లలో ఆ ప్రతిజ్ఞ చేసిన దాఖలా లేదు. అడగని ఇన్సూరెన్సు, కోరని సీటు బిల్లులోకి వచ్చి కూర్చుంటాయి. దీనికి శాస్త్రం లేకపోలేదు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇటువంటి మాయోపాయాలను డార్క్ ప్యాటర్న్స్ పేరిట, ఆలంకారికులు అలంకారాలను విభజించినట్టు, 13 రకాలుగా విభజించి నిషేధించింది. ఉదాహరణల కోసం ఎక్కువ దూరం పోలేదు. టికెట్‌తోపాటు ఇన్సూరెన్సును బుట్టలో వేయడం ఒకటి. వద్దన్నవాడి చేత ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనిపించి సిగ్గుపరచడం ఇంకొకటి. ముందొక ధర చూపి డబ్బు కట్టేటప్పుడు వేరొకటి తీసుకోవడం మరొకటి. మూడింటికీ లక్ష్యం విమాన టికెట్టే. కనుక మీట నొక్కే ముందు ముందే పెట్టి ఉంచిన టిక్కులన్నీ తీసేయాలి.

3. బహువచనం వల్ల ధర మారుతుంది. విమాన సంస్థలు ఒకే విమానంలోని సీట్లను కొన్ని ధరల వరుసలుగా అమ్ముతాయి. తక్కువ ధర వరుసలో మూడే సీట్లు మిగిలి ఉండగా నలుగురికి ఒకేసారి వెతికితే, చాలాసార్లు నలుగురికీ పై వరుస ధరే చూపిస్తుంది. ముందు ఒక్కరికి వెతికి చూడండి. తేడా కనిపిస్తే ముగ్గురికి ఒకటి, ఒకరికి ఒకటిగా కొనుక్కోవచ్చు.

4. ‘ఇంటి గడప నుండి’ అన్నది ఈ పద్యానికి ప్రాణం. తెల్లవారుజామున అయిదింటి విమానం తరచూ చౌకే. ఆ వేళకు రావాలని ఎవరికీ ఉండదు గనక. భద్రాచలం మనిషి దాన్ని పట్టుకోవాలంటే ముందురోజు మధ్యాహ్నమే బస్సెక్కాలి. ఖమ్మం, సూర్యాపేట దాటి ఎల్బీనగర్‌లో దిగి, పుష్పక్ బస్సు పట్టుకుని శంషాబాద్ చేరేసరికి అర్ధరాత్రి. ఆపైన ఇనుప కుర్చీలో బ్యాగు మీద కాలు వేసుకుని జాగరణ, మధ్యలో ఇంటి దగ్గర ఇంటిల్లిపాదీ టిఫిన్ చేసేంత డబ్బుకు ఒక కాఫీ. టికెట్‌లో మిగిలిన ఎనిమిది వందలు అక్కడే హరించుకుపోతాయి. ఖమ్మం, సత్తుపల్లి వాళ్లకు గన్నవరం విమానాశ్రయం దగ్గర. భద్రాచలం వాళ్లు గన్నవరం, రాజమండ్రి మధురపూడి, శంషాబాద్ మూడూ వెతికి చూడాలి. టికెట్ ఎక్కువైనా ప్రయాణం చౌక కావచ్చు.

పూర్వపక్షం: అయితే ఆన్‌లైన్ ఏజెన్సీలు వద్దా?

సిద్ధాంతం: వెతకడానికి వాటిని మించినవి లేవు. అన్ని కంపెనీల వేళలూ ధరలూ ఒక్కచోట కనిపిస్తాయి. వెతికిన తర్వాత అదే విమానం ధరను ఆ కంపెనీ సొంత సైట్‌లోనూ చూడాలి. ఫీజు కలిపాక రెండూ సమానమైతే సొంత సైట్‌లోనే కొనడం మేలు. తేదీ మార్చాలన్నా, విమానం రద్దయినా మధ్యవర్తి ఉండడు. బ్యాంకు కార్డు తగ్గింపు ఫీజును మించితే ఏజెన్సీకే ఓటు. అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు మాత్రం మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. విడివిడి టికెట్లను అతికించి చౌకగా చూపితే, మొదటి విమానం ఆలస్యమైన రోజున రెండోదాని పూచీ ఎవరిదీ కాదు.

5. రిఫండ్ గురించి. ఈ సీమ చరిత్రలో ఇల్లు కదలకుండానే పూర్తి రిఫండ్ అందుకున్నవాడు తానీషా ఒక్కడే. రామదాసు బాకీ రాముడే రాత్రికి రాత్రి తెచ్చి కట్టి రసీదు తీసుకున్నాడని కథ. మిగతావాళ్లు అడగాల్సిందే. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రద్దు ఛార్జీ బేసిక్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. ఆఫర్ టికెట్‌కు బేసిక్ ఫేర్ తిరిగి రాకపోయినా, అసలు విమానమే ఎక్కకపోయినా, పన్నులూ విమానాశ్రయ రుసుములూ వెనక్కివ్వాలి. ఏజెంటు దగ్గర కొన్న టికెట్‌కైనా ఆ బాధ్యత విమాన సంస్థదే.

6. మనకు ఇంటిపేరు ముందు, టికెట్ సైట్లకు వెనుక. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో టికెట్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి, ‘కె.’, ‘వి.’ అంటూ పొడి అక్షరాలతో సరిపెట్టకూడదు.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారికి టికెట్ చౌకగా దొరుకుతుందని హామీ ఇవ్వలేను. కాని నొక్కే ముందు చివరి తెర మీది మొత్తం, రానూపోనూ బస్సు ఖర్చు, లగేజీ ఖర్చు ఒక కాగితం మీద వేసుకుని కూడండి. ఆ కూడిక మీకు సమ్మతమైతేనే డబ్బు కట్టండి.