చిరుత దాకా చూడొచ్చు, జింక పడితే కళ్లు మూసుకో

సినిమాలకు సర్టిఫికెట్లిచ్చే కేంద్ర బోర్డుకు చెన్నైలో ఉన్నది ఒక్క ప్రాంతీయ కార్యాలయమే. ఇదే ఊళ్లోని రాయపురంలో మాత్రం టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకటి నడుస్తోంది. అధ్యక్షుడు నాన్న, చేతిలో రిమోట్. సభ్యురాలు అమ్మ, వంటింట్లోంచే ఉత్తర్వులు. సలహాదారు అవ్వ. చిరుత గడ్డిలో పొంచి నడుస్తున్నంతసేపూ "చూడు కన్నా, ఎంత బాగుందో" అంటారు. అది ఎగిరి జింక మెడ పట్టుకోగానే బోర్డు అత్యవసరంగా సమావేశమవుతుంది. రిమోట్ నొక్కేసరికి చిరుత చెట్టు కింద మూతి నాక్కుంటూ ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో పిల్లవాడికి తెలీదని బోర్డు గట్టి నమ్మకం.

అదే వేళకు కంచంలో వంజరం వేపుడు. పొద్దున్నే కాశిమేడు చేపల రేవులో కొన్నది. నాన్న వెంట వెళ్లిన ఆ పిల్లవాడే మొప్ప ఎత్తి, ఎర్రగా ఉందో లేదో చూసి బేరం ఖాయం చేశాడు. కత్తిపీట మీద తల తెగడం, పొట్ట చీల్చి పేగులు లాగి పారేయడం, వాటి కోసం పిల్లులూ కాకులూ కొట్టుకోవడం, అన్నీ మూరెడు దూరంలో నిలబడి చూశాడు, వాసనతో సహా. దానికి ఏ వయసు సరిపోతుందని ఎవరూ అడగలేదు.

పాపం, ప్రభుత్వం తన వంతు చేసింది. 1983 నాటి 'యూఏ' ముద్రను 2023 చట్ట సవరణతో మూడు ముక్కలు చేసి 7, 13, 16 ఏళ్లకు మెట్లు కట్టింది. ఓటీటీలకు 2021 ఐటీ నిబంధనల్లోనే ఈ మెట్లున్నాయి. ఆరేళ్ల పదకొండు నెలల పిల్లకు పనికిరాని మొసలి, కేకు కోసిన మర్నాడు పనికొస్తుందన్నమాట.

ఇంటి బోర్డువారి రెండో కత్తెర జంతువులు జతకట్టే ఘట్టానికి. దీన్ని రాయపురంలో వాడటానికి బోలెడంత ధైర్యం కావాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలు వేటకు పోకూడదు. అది చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇక్కడ చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. రేవులో వరసగా కట్టేసిన పడవలూ, ఇంట్లో చేపల రేటు మీద గొడవా వాళ్లకు ఏటా పాఠమే. సర్కారువారు రేవు మూయించి మరీ మర్యాద చేసే కార్యాన్ని టీవీలో పెంగ్విన్లు తలపెడితే మాత్రం ఛానెల్ మారిపోతుంది. మారి ఎక్కడికి పోతుంది? ఐటెం సాంగ్‌కి. నాలుగేళ్ల పాప ఆ స్టెప్పులు వేస్తే అవ్వ మెటికలు విరిచి దిష్టి తీస్తుంది.

రక్తం చూస్తే పసిమనసు చెదిరిపోతుందన్నది అసలు వాదన. అదే నిజమైతే తెలుగువాళ్లు తరాలుగా చెదిరిపోయి ఉండాలి. ఏనుగు కాలు పట్టి మడుగులోకి లాగే మొసలి, చివర చక్రంతో తెగిపడే దాని తల: గజేంద్ర మోక్షాన్ని పిల్లలకు పద్యాలతో సహా కంఠస్థం చేయించాం. 1967లో ఇదే ఊళ్లోని ఏవీఎం వాళ్లు 'భక్త ప్రహ్లాద' తీస్తే పిల్లల్ని ఎత్తుకుని మరీ థియేటర్లకు వెళ్లాం. ఇదే ఊళ్లో 1947లో మొదలైన 'చందమామ' భుజాన శవం మోసే రాజును నెలనెలా ఇంటికి పంపింది, పిల్లలు పోస్టుమ్యాన్ కోసం గుమ్మంలో కాచుకున్నారు. మొన్నటికి మొన్న 2019లో 'ద లయన్ కింగ్' తెలుగులో వస్తే సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు గొంతిచ్చారు. రాజ్యం కోసం సొంత అన్నను కొండమీంచి తోసేసే తమ్ముడి కథ అది. దానికి పాప్‌కార్న్ కొనిపెడతాం. ఆకలేసి వేటాడే అసలు సింహం దగ్గర మాత్రం కళ్లు మూయిస్తాం.

బోర్డు కంటపడనిది వేరే ఉంది: అబద్ధం. డిస్నీవారి 'వైట్ వైల్డర్‌నెస్' 1958లో వచ్చింది. లెమ్మింగ్ అనే చిట్టెలుకల్లాంటి జీవులు గుంపుగా సముద్రంలోకి దూకి ప్రాణాలు తీసుకుంటాయని చూపించింది. కుటుంబమంతా చూడదగ్గదన్నారు, ఆస్కార్ కూడా ఇచ్చారు. ఆ దృశ్యం తీసిన చోటు కెనడాలోని అల్బర్టా, దానికి సముద్రమే లేదు. ఆ జీవుల్ని వేరే రాష్ట్రం నుంచి కొని తెచ్చి, తిరిగే బల్ల మీద పరుగెత్తించి, చివరికి నదిలోకి తోశారు. కెనడా టీవీ 1982లో ఈ బండారం బయటపెట్టింది. అప్పటికే ఒక తరం పిల్లలు దాన్ని ప్రకృతి పాఠంగా నేర్చేసుకున్నారు.

ఇప్పటివాళ్లు అంత మోటుగా చేయరు. 2016లో 'ప్లానెట్ ఎర్త్ 2'లో పాముల గుంపును తప్పించుకుని పరుగెత్తిన ఆ ఒక్క ఇగ్వానా నిజానికి ఒక్కటి కాదు, వేర్వేరు ఇగ్వానాల పరుగుల్ని అతికించారు. గుండె అదరగొట్టేది పాము కాదు, వెనకనుంచి వాయించే డప్పు. సౌండ్ తీసేసి చూస్తే సగం భయం అక్కడే పోతుంది. ఈ చిట్కా ఏ బోర్డూ వాడినట్టు లేదు.

జడుసుకునే పిల్లలు లేరని కాదు. మూడు నాలుగేళ్ల వాళ్లకు తెరకూ గదికీ మధ్య గీత పల్చన. రాత్రి మంచం కింద మొసలి చేరుతుంది. కానీ వాళ్లని ఏది కోస్తుందో పెద్దల అంచనాకు అందదు. 'ద ఎలిఫెంట్ విస్పరర్స్' డాక్యుమెంటరీలో వేట లేదు, నెత్తురు లేదు. గున్న ఏనుగు రఘును, పెంచిన బొమ్మన్, బెళ్లి దగ్గర్నుంచి తీసుకుపోయే చోట పసివాళ్లు వెక్కివెక్కి ఏడవగలరు. పెద్దలు కూడా ఏమంత గట్టివాళ్లు కాదు. 2019లో 'అవర్ ప్లానెట్'లో వాల్రస్‌లు కొండమీంచి జారిపడే దృశ్యాలు ఏ నిమిషంలో వస్తాయో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించాల్సి వచ్చింది. ఆ హెచ్చరిక జంతుప్రేమికులకు, అంటే రిమోట్ పట్టుకున్నవాళ్లకు.

తాబేలు పిల్లలు ఇసుకలోంచి లేచి సముద్రంలోకి పరుగెత్తే దృశ్యానికి మాత్రం అన్ని ఇళ్లలోనూ ఏకగ్రీవ ఆమోదం. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. ఊపిరి పీల్చడానికి పైకి రావాల్సిన ప్రాణి ట్రాల్ వలలో చిక్కితే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై పోతుంది. తీరానికి 5 నాటికల్ మైళ్ల లోపల ట్రాలింగ్ కూడదన్న నిబంధన కాగితం మీద ఉంది. బీచికెళ్లిన పిల్ల "ఇవెందుకు పడుకున్నాయి?" అని అడిగితే, ఇంటి బోర్డు దగ్గర జవాబు సిద్ధం: "ముసలివైపోయాయమ్మా". ఆ కాలంలో అవి ఈ ఒడ్డుకు వచ్చేదే గుడ్లు పెట్టడానికి.