పొట్టి ఆవు, పొడుగు కుక్క

పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. జాతి ప్రమాణాల ప్రకారం గ్రేట్ డేన్ మగకుక్క కనీసం 80 సెంటీమీటర్లు ఉండాలి. రెండింటినీ ఒకే గుంజకు కట్టేస్తే, ఏది పాలిస్తుందో ఏది పిక్క పడుతుందో దూరం నుంచి చూసే దొంగకు అంతుబట్టదు. ప్రపంచంలోని అతి పొట్టి ఆవుల్లో ఒకదానికి పుట్టిల్లయిన ఊరు, ఇప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద కుక్క ఏదా అని వెతుక్కుంటోంది. ఆవేమో పట్నాల్లో పెద్దోళ్ల ఇళ్లకు చేరి సోఫాల మధ్య తిరుగుతోంది. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో ఆయన చేతి మేత తింటూ ఫొటోలు కూడా దిగింది. పాలిచ్చేదాన్ని ముద్దులాడటానికి, ముద్దులాడాల్సినదాన్ని మనుషుల్ని పీకడానికి పెంచడం మా పడమటి మండలాల కొత్త పశుపోషణ.

నా తగవంతా ఇంట్లో ఒకటి ఉండగానే తెచ్చే రెండో కుక్కతోనే. మొదటిదాని సంగతి అర్థమవుతుంది. ఇల్లు కట్టారు, గేటు పెట్టారు, గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు తగిలించారు, బోర్డు అబద్ధం కాకూడదని ఓ రాట్‌వీలర్‌నో డాబర్‌మ్యాన్‌నో తెచ్చారు. ఆర్నెల్లు ఎత్తుకొని తిరిగి, ఏడో నెల గేటు పక్క స్తంభానికి కట్టేశారు. అది అక్కడే తింటుంది, అక్కడే పడుకుంటుంది. పాలాయన వస్తే మొరుగుతుంది, గ్యాస్ బండ తెచ్చినాయన వస్తే మొరుగుతుంది, పండక్కొచ్చిన ఆడబిడ్డ పిల్లల్ని చూసి గొలుసు తెంచుకోబోతుంది. ఇంటాయన్ని రెండు ప్లాట్లలో నిలువునా ముంచిన బ్రోకరు వస్తే మాత్రం తోక ఊపుతుంది, తోక కోయకుండా మిగిల్చి ఉంటే. పాపం, ఆయనొక్కడే దానికి బిస్కెట్లు తెస్తాడు. రెండేళ్లు తిరిగేసరికి తీర్పు వెలువడుతుంది: “ఇది వేస్టబ్బా. ఇంకా పెద్ద జాతిది దించాల.”

ఇక అక్కడి నుంచి పెళ్లిచూపుల తంతే. కంగలా, కేన్ కోర్సోనా, అలబాయా, బోయర్‌బోలా? తండ్రి ఫొటో పెట్టమంటారు, తాత ఎత్తు అడుగుతారు, ‘ఇంపోర్ట్ లైన్’ అనగానే రేటు మీద రేటు ఎక్కుతుంది. అమ్మేవాడు పిల్ల ముంగాలు పట్టి చూపించి “డబుల్ బోన్ సార్” అంటాడు. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుంచి డాక్టర్లను తయారు చేస్తోంది. ఈ రెండో ఎముక ఇంకా వాళ్ల కంట పడినట్టు లేదు. డాక్టర్లు చెప్పేది వేరే ఉంది. పెద్ద జాతుల ఎముకలు గట్టిపడటానికి ఏడాదిన్నర దాకా పడుతుంది, ఈలోగా కాళ్లు లావెక్కాలని అడ్డదిడ్డంగా మేపితే ఆ బరువుకు తుంటి కీళ్లు చెడతాయి. అలా మేపగా మేపగా మన డబుల్ బోను రెండో ఏటికే గేటు దగ్గర మూడు కాళ్ల మీద నిలబడుతుంది.

కొనేవాళ్ల మాటలు టీకొట్టు దగ్గర వినాలి.

“కంగల్ అయితే తోడేలునే కొరికి సంపుతాదంటన్నా.”

“మన లేఅవుట్లో తోడేలు యాడుండాదిరా?”

“వొస్తే?”

ఆ ‘వొస్తే’ మీదే ఈ వ్యాపారమంతా నిలబడింది. బెంగళూరు మనకు పొరుగే కాబట్టి అక్కడి గాలి కూడా సోకుతుంది. 2025లో అక్కడ ఒకాయన 50 కోట్లు పోసి తోడేలు సంకరం కుక్కను కొన్నానని లోకమంతా చాటుకున్నాడు. అంత డబ్బు ఎక్కడిదని ఈడీ వాళ్లు ఇంటికెళ్లి సోదా చేస్తే, అంత సొమ్ము కదిలిన ఆధారం దొరకలేదనీ, అసలు ఆ కుక్క కూడా ఆయనది కాదనీ వార్తలొచ్చాయి. 50 కోట్ల కుక్క పేరు చెప్పినా ఈడీ గేటు దగ్గర ఆగలేదన్నది గమనించాలి.

అసలు ఏ జాతీ మన లేఅవుట్ గేటు కోసం పుట్టలేదు. డాబర్‌మ్యాన్‌ను 19వ శతాబ్దంలో జర్మనీలోని అపోల్డా ఊళ్లో కార్ల్ ఫ్రీడ్రిక్ లూయీ డాబర్‌మన్ పెంచాడు. ఆయన పన్నులు వసూలు చేసే మనిషి, వెంట తిరగడానికి ఓ తోడు కావాలనుకున్నాడు. పన్నాయన పుట్టించిన కుక్కను పన్నాయన రాకుండా గేటుకు కట్టుకున్నాం, తెలివంటే మనదే. రాట్‌వీలర్‌ది రాట్‌వైల్ పట్నం, కసాయివాళ్ల పశువుల్ని తోలుతూ, వాళ్ల బండ్లు లాగుతూ బతికింది. మన దగ్గర పశువులు సంతకు టెంపోల్లో పోతున్నాయి కాబట్టి దానికి ఆ పని లేదు. బుల్‌మాస్టిఫ్‌ను ఇంగ్లండు జమీందార్ల అడవి కాపలాదారులు తయారు చేసుకున్నారు, చీకట్లో వేటకొచ్చిన దొంగను కింద పడేసి అదిమి పట్టుకోవడానికి. ఫిలా బ్రసిలేరో చరిత్ర ఇంకా ఘనం. బ్రెజిల్ తోటల్లోంచి పారిపోయిన బానిసల్ని వెంటాడి పట్టుకురావడం దాని ఉద్యోగాల్లో ఒకటి. ఆ వంశం గొప్ప చెప్పుకొని మీసం తిప్పేవాళ్లు, ఆ రోజుల్లో ఆ తోటలో పుట్టి ఉంటే తాము కుక్క ముందు పరిగెత్తేవాళ్లమా, వెనక పరిగెత్తేవాళ్లమా అని ఆలోచించినట్టు లేదు.

కంగల్, అలబాయి, కాకేసియన్ షెపర్డ్ సంగతి వేరు. అవి గొర్రెల మందల కుక్కలు. టర్కీ పీఠభూమిలో, మధ్య ఆసియా మైదానాల్లో, కాకేసస్ కొండల్లో మందతోనే పెరిగి, మందతోనే పడుకొని, రాత్రి ఏదైనా కదిలితే కాపరిని లేపకుండా తమంతట తామే తేల్చుకునే రకం. ఆ సొంత నిర్ణయమే వాటి గొప్పతనం. మీ ఇంట్లో ఆ నిర్ణయం ఎవరి మీద తీసుకుంటుంది? కొరియర్ పిల్లాడి మీద. “ఆగు” అని మీరు అరిచేలోపు దాని దృష్టిలో విచారణ, తీర్పు, అమలు అన్నీ అయిపోయి ఉంటాయి. పైగా చలిదేశపు రెండు పొరల బొచ్చు. “మదనపల్లె ఏడొందల మీటర్ల ఎత్తు సార్, పక్కనే హార్స్‌లీ హిల్స్, ఆంధ్రా ఊటీ, ఏమీ కాదు” అంటాడు అమ్మేవాడు. ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కింద నాలుక వేలాడేసిన ఆ ప్రాణిని అడిగితే ఊటీ ఎక్కడుందో చెబుతుంది. తర్వాత దానికి కూలరు, ఆపైన ఏసీ. కాపలాకు తెచ్చిన కుక్క ఏసీ గదిలో తలుపేసుకొని నిద్రపోతుంటే వీధిలో కాపలా ఎవరిదండీ? నాటుకుక్కది.

నిజంగా మందలున్నవాళ్లు మన దగ్గరే ఉన్నారు. ఈ చుట్టుపక్కల గొర్రెలు మేపుకునేవాళ్ల వెంట బక్కపలచని కుక్కలు ఒకటో రెండో నడుస్తుంటాయి. మిగిలిన సంగటి ముద్ద తిని రాత్రంతా దొడ్డి చుట్టూ తిరుగుతాయి. వాటికి లైనూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. పోయేందుకు గొర్రెలున్న మనిషికి అవి చాలుతున్నాయి. పోయేందుకు సీసీ కెమెరా తప్ప ఏమీ లేని మనిషికి కంగల్ కూడా చాలడం లేదు.

కుప్పం వైపు పోతే వాదం ఇంకా బలుస్తుంది, అక్కడ శత్రువు ఏనుగు కాబట్టి. “రెండు అలబాయిలుంటే ఏనుగు తోట దరిదాపులకు రాదు సామీ” అని నమ్మబలుకుతారు. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడినప్పటి నుంచీ ఏనుగులతో పలమనేరు, కుప్పం రైతులు పడుతున్న పాట్లు చిన్నవి కావు. కందకాలు తవ్వారు, కంచెలు వేశారు, డప్పులు కొట్టారు, టపాకాయలు కాల్చారు. చివరికి 2025 మేలో కర్ణాటకను అడిగి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చుకున్నారు. ఏనుగును మళ్లించడానికి ప్రభుత్వమే ఏనుగును అడిగి తెచ్చుకుంటే, మనవాడు మూడు నెలల కుక్కపిల్ల మీద భరోసా పెట్టుకున్నాడు. ఏనుగు మీద మొరిగిన కుక్క, అది తిరగబడితే ఎటు పరిగెడుతుంది? నేరుగా యజమాని దగ్గరికి. దాని వెనకాలే ఏనుగు.

మదనపల్లె వాళ్లు టమాటా పేరు చెబుతారు. అందులో కొంత న్యాయముంది. 2023 జూలైలో కిలో నూటయాభై దాటినప్పుడు టమాటా రైతు రాత్రిళ్లు తోటలోనే పడుకోవాల్సి వచ్చింది. ఆ నెల కాపలాకు అర్థముంది, కుక్కకూ అర్థముంది. సెప్టెంబరుకల్లా ధర పాతాళానికి పోయింది. టమాటా ధర చూసి కొన్న కుక్కపిల్ల మాత్రం ధర పడిందని తిండి తగ్గించుకోదు. ఇంకో ఎనిమిది, పదేళ్లు తింటూనే ఉంటుంది, మార్కెట్ యార్డులో కాయ రోడ్డు మీద పారబోసిన రోజున కూడా.

మన ప్రభుత్వాల తెలివీ తక్కువది కాదు. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల అమ్మకం, సంతానోత్పత్తి, దిగుమతి ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. జనాన్ని కరిచి చంపిన ఘటనలు జరిగాయి కాబట్టి ఏదో ఒకటి చేయాల్సిందే, కాదనను. కానీ ఆ జాబితాలో జపాన్ టోసా రెండుసార్లు ఉంది, ఒకసారి టోసా ఇను అని, ఒకసారి జపనీస్ టోసా అని. టెర్రియర్లు అని గంపగుత్తగా రాశారు కాబట్టి చేతిసంచిలో పట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా భయంకర మృగాల్లో చేరింది. కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న, ఢిల్లీ హైకోర్టు ఏప్రిల్ 16న ఆ లేఖను కొట్టేశాయి. సంబంధించినవాళ్ల మాట వినకుండా ఇలా చేయడం కుదరదన్నాయి. లేఖ పోయింది గానీ జాబితా పోలేదు. అప్పటిదాకా కేన్ కోర్సో పేరు పలకడం రానివాళ్లు కూడా దాన్ని ఫోన్లో దాచుకున్నారు. “గవర్నమెంటే భయపడిన జాతి సార్” అని అమ్మేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రకటన దొరకదు. నిషేధాల పట్టిక కొనుగోలు చిట్టాగా మారడం మా వాళ్లకే చెల్లింది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మొదటి కుక్క పనికిరాలేదని రెండోది తెస్తే, రెండోదానికి పని నేర్పేదెవరు? మొదటిదే. కుక్కపిల్ల మనిషి దగ్గర నేర్చుకునేదాని కంటే ఇంట్లో ఉన్న పెద్దకుక్క దగ్గర ఎక్కువ నేర్చుకుంటుంది. పాలాయన మీద మొరగడం, బ్రోకరు మీద మొరగకపోవడం, గొలుసు చుట్టూ గిరగిరా తిరగడం, అన్నీ యథాతథంగా అబ్బుతాయి. ఇంతకుముందు ఒక మొండికుక్క ఉండేది, ఇప్పుడు అరవై కిలోలదొకటి అదనం. రెండూ మగవైతే, పిల్లకు ఏడాదిన్నర నిండి అది మగతనం గుర్తించిన రోజున, ఇంట్లోవాళ్లకే కాపలా కావాలి. ఈ బాపతు కుక్కల పోట్లాట విడదీయడం నీళ్ల బకెట్‌తో అయ్యే పని కాదు. పెంచడం తెలిసినవాళ్లు ఒక మగ, ఒక ఆడ అంటారు. మొదటిదానికి రెండేళ్లు నిండి, మాట వినడం వచ్చాకే రెండోదంటారు. ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ముల్ని జంటగా తేవద్దనీ అంటారు, అవి ఒకదాన్నొకటి చూసుకొని మనిషిని లెక్కచేయవని. ఈ మూడింట్లో ఒక్కటీ అమ్మేవాడు చెప్పడు. పిల్ల వయసు ఒక్కో రోజు పెరిగేకొద్దీ అతనికి రేటు తగ్గుతుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, కళ్లు సరిగ్గా తెరవని పిల్లలు అట్టపెట్టెల్లో సరిహద్దులు దాటుతున్నాయి.

“అయితే దేశీ జాతిది తెస్తాం” అని కొందరు గర్వంగా ముందుకొస్తారు. 2020 ఆగస్టు 30న ప్రధాని మన్ కీ బాత్‌లో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కొంబై పేర్లు చెప్పాక ఈ గాలి వీచింది. 2005లోనే తపాలా శాఖ ముధోల్, రాజపాళయం బొమ్మలతో బిళ్లలు వేసింది, అప్పుడెవరూ చూడలేదు. ఇది మంచి గాలే, కుప్పం దాటితే తమిళనాడే కాబట్టి మనకు దగ్గర కూడా. అయితే రాజపాళయాన్ని తెచ్చి మళ్లీ అదే స్తంభానికి కట్టేస్తే దేశభక్తి ఏమీ పెరగదు. అది వేటకుక్క, పరిగెత్తాలి. కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదు. తెల్లగా మెరవాలని వరసపెట్టి సొంత రక్తంలోనే కలపడం వల్ల వాటిలో చెవుడు కూడా ఎక్కువ. వినపడని కాపలా కుక్కను గేటుకు కట్టుకున్న ఘనత మనకు దక్కకుండా చూసుకోవాలి.

రెండో పిల్ల కోసం ఎత్తులు కొలుచుకుంటున్న పెద్దమనుషులకు ఒక మనవి. ముందు మొదటిదాని గొలుసు విప్పండి. పనిపిల్లాడి చేత కాదు, మీరే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిపించండి, మీ బొజ్జకూ మంచిదే. రేబిస్ టీకా వేయించండి. జూలై 6న పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు. పిలిస్తే రావడం, వద్దంటే ఆగడం దానికి వచ్చాక కూడా ఇంకోటి కావాలనే అనిపిస్తే, మీ వీధి మలుపులో ఇసుక కుప్ప మీద పుట్టిన నాలుగైదు పిల్లల్లో ఒక ఆడపిల్లను ఇంటికి తెచ్చుకోండి. ఏ జాతి అని ఎవరైనా అడిగితే, మదనపల్లె అని చెప్పండి.