చూపు సోకని స్క్రిప్టు

అరసవల్లి గుడిలో సూర్యకిరణాలు ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి పాదాలను తాకుతాయి గానీ, సోర్స్ కోడును నడిచే ప్రోగ్రాముగా మలిచే ఆదేశాల చిట్టా అయిన బిల్డ్ స్క్రిప్టుపై, అందరికీ తెరిచి ఉంచిన ఓపెన్ సోర్స్‌లో సైతం, నరమానవుని చూపు ఒక్కసారీ పడదు.

1989 నాటి సి భాషా ప్రమాణంలోనే చేరిన ఫైళ్లు యంత్రంలో ఉన్నాయా అని అది నేటికీ తనను తానే అడిగి, ఉన్నాయని తానే జవాబిచ్చుకొంటుంది.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్యాకేజీలో ఆ చిట్టాను శ్రద్ధగా చదివినవాడు బహుశా అందులో దొడ్డిదారి దాచినవాడే. 2024 మార్చిలో ఆ గుట్టు రట్టయినదీ చదువరుల వల్ల కాదు, లాగిన్‌కు అర సెకను ఆలస్యమెందుకని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయడం వల్ల.

ఇక ప్రక్షాళన అంటే, పాత స్క్రిప్టును ముట్టుకోకుండా దాన్ని నడిపే కొత్త స్క్రిప్టు రాయడం.